హ్యాండిల్ మీద చేతులు

లాగ్ 1. సోమవారం

పొద్దున్నే ట్రాక్ ఊడ్చాను. గాలికి గులకరాళ్ళు రెండో మలుపులోకి కొట్టుకొచ్చాయి. సోలార్ పలకలన్నీ ఇక్కణ్ణించి పీకి అంతరిక్షంలో పెట్టాక ఈ మైదానంలో గాలికి అడ్డేమీ మిగల్లేదు. ఆ పలకలు తుడిచే బండ్ల కోసం వేసిన చుట్టుదారే మా ట్రాక్. మనిషి చేత్తో బండి నడపడానికి జిల్లాలో అనుమతి ఉన్న చోటు ఇదొక్కటే. ఒకప్పుడు ఊరంతా చేసిన పనికి ఇప్పుడు కంచె వేసి, గేటు పెట్టి, నాలాంటి ముసలివాణ్ణి కాపలా ఉంచారు.

కోచ్ రోజూ లాగ్ రాసి పంపాలని నిబంధన. దీన్ని చదివేది రవాణా శాఖ యంత్రం. గాయం, రక్తం, ఎముక అనే మాటల కోసం వెతికి, అవి లేకపోతే పక్కన పెట్టేస్తుంది. పూర్వం నేను పత్రికలకు వ్యాసాలు పంపేవాణ్ణి. ఎడిటర్లు జవాబైనా ఇచ్చేవాళ్ళు కాదు. ఈ యంత్రం అందిందని చెబుతుంది. నన్ను చదివినవాళ్ళలో ఇదే మర్యాదస్తురాలు.

ఈ రోజు కొత్త శిష్యురాలు వచ్చింది. పేరు మాబున్ని. నల్లమల అంచున ఒక ఆసుపత్రిలో నర్సు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నేను పేరు, వయసు అడగకముందే ట్రాక్ ఎంత పొడవుందని అడిగింది. అడవిలో జంతువుల కోసం సిగ్నళ్ళన్నీ తీసేశారు కాబట్టి, తమంతట తాము నడిచే బండ్లు అటవీ గేటు దగ్గరే నిలబడిపోతాయి. అక్కణ్ణించి గూడేలకు మందులు మోసుకుంటూ నడిచిపోవాలి. పోయిన వానల్లో పాము కరిచిన ఒక పిల్లవాడి కోసం ఈమే మందు తీసుకుని నడిచింది. ఆ మందు వెనక్కి తెచ్చానని ఒక్క ముక్క చెప్పి ఆగింది. నేను కూడా అంతకన్నా అడగలేదు.

ఆసుపత్రిలో చిన్న బైకు ఒకటి ఉంది, నడిపేవాళ్ళు లేరు. దానికి చేతి లైసెన్సు కావాలి. లైసెన్సు పరీక్ష మాత్రం సూపర్‌బైక్ మీదే. పెద్దదాన్ని నడపగలిగితే చిన్నది దానంతటదే వస్తుందని చట్టం రాసినవాళ్ళ తర్కం. ఏనుగెక్కినవాడికి మేక మీద కూర్చోవడం కూడా వచ్చని వాళ్ళ నమ్మకం. రెండు చక్రాల మీద కూర్చున్నవాడు ఒక్కడైనా ఆ కమిటీలో ఉన్నాడా అంటే, ఉన్నాడు. వాడి సంగతి తర్వాత.

పరీక్ష వచ్చే ఆదివారం. తప్పితే ఏడాది దాకా మళ్ళీ రానివ్వరు. ఈ వానాకాలం కూడా ఆమె నడిచే పోవాలి.

లాగ్ 2. మంగళవారం

నిన్నటి లాగ్ మీద యంత్రం ప్రశ్న పంపింది: "గాయం ఎవరికి?" ఎవరికీ లేదని రాశాను. మళ్ళీ అదే మాట వాడినందుకు రేపు మళ్ళీ అడుగుతుంది.

ముందు చిన్న బండి ఇచ్చాను. చూపు బాగుంది, మలుపు చివరి దాకా చూస్తుంది. బ్రేకు మెత్తగా పట్టుకుంటుంది. ఈ తరంలో ఇంత త్వరగా పట్టు దొరికినవాళ్ళు అరుదని లోపల సంతోషపడుతూ ఉండగానే, రెండో మలుపు దగ్గర గడ్డిలోంచి తీతువు పిట్ట ఒకటి లేచింది. మాబున్ని వెంటనే రెండు చేతులూ పైకెత్తేసింది.

బండి నేరుగా ఇసుకలోకి పోయి పడుకుంది. ఆమె దాని పక్కన వెల్లకిలా పడి, ఇంకా చేతులు పైకే పెట్టుకుని ఉంది. మా మెకానిక్ బజారి మెల్లగా నడుచుకుంటూ పోయి, "ఇంగ దించమ్మా, బండి గూడా పండుకునింది," అన్నాడు.

"నేను ఎత్తలే సార్. అవే లేచినాయ్," అంది ఆమె నాతో.

నాకు తెలుసు. ఈ దేశంలో నలభై లోపు వాళ్ళందరికీ అవి వాటంతట అవే లేస్తాయి. చేతులెత్తు అని దానికి పేరు. అక్షరాల కన్నా ముందు బడిలో నేర్పుతారు. ప్రమాదం అనిపిస్తే చేతులెత్తు, బండి నిన్ను కాపాడుతుంది. కార్లలో, బస్సుల్లో, పడవల్లో, లిఫ్టుల్లో కూడా. గిన్నె జారితే చేతులెత్తే ఆడవాళ్ళను చూశాను. పెళ్ళి పీటల మీద ఎత్తిన పెళ్ళికొడుకును కూడా చూశాను, వాడి విషయంలో మాత్రం అది సరైన పనే. కాపాడే యంత్రం లేని బండి మీద మాత్రం చేతులెత్తితే అంతే సంగతులు.

ఈ విద్యను దేశానికి ఇచ్చిన మహానుభావుడి పేరు మద్దిలేటి. కమిటీలో ఉన్న ఆ ఒక్కడు వాడే. మద్రాసు దగ్గరి ట్రాక్ మీద నాతో చక్రం పక్కన చక్రం పెట్టి పరిగెత్తినవాడు. తర్వాత ఢిల్లీ పోయి, చేతులు ఎందుకు దండగ అని దేశానికి చెప్పినవాడు. దాని మీద నేను రాసిన వ్యాసాల్లో నాలుగు అచ్చయ్యాయి. నాలుగింట్లోనూ వాణ్ణి పేరు పెట్టి తిట్టాను. అప్పటి నుంచి మాటల్లేవు.

లాగ్ 3. బుధవారం

నా పద్ధతి పాతది. చెయ్యి లేచిన ప్రతిసారీ బండి దిగి, దాన్ని తోసుకుంటూ ట్రాక్ చుట్టూ నడవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాబున్ని నాలుగైదు చుట్లు తోసింది. సణగలేదు. ఆసుపత్రిలో కొత్త డాక్టర్లను ఆమె కూడా ఇంతకన్నా ఘోరంగా చూస్తుందట.

నేను పక్కన నిలబడి అరుస్తూ ఉన్నాను. పట్టుకో. గట్టిగా పట్టుకో. నీ చేతులు హ్యాండిల్‌కు మొలిచాయనుకో. బజారి ఖాళీ డబ్బాలు రోడ్డుకు అడ్డంగా దొర్లించాడు, ఆమె బెదరాలని. మొదట బెదిరింది. సాయంత్రానికి డబ్బా చక్రాన్ని తాకినా చెయ్యి లేవలేదు. పిడికిళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, కానీ హ్యాండిల్ మీదే ఉన్నాయి.

నేను గెలిచానని రాసుకుంటున్నాను. మద్దిలేటి ఒక దేశం మొత్తానికి నేర్పినదాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో ఒక్క మనిషి దగ్గర మాన్పించాను.

లాగ్ 4. గురువారం

సూపర్‌బైక్ బయటికి తీశాం. బజారి దాన్ని పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెస్తాడు. టైర్లకు వేడి దుప్పట్లు కప్పి, ట్యాంకులో మొక్కజొన్న సారా పోసి, మూత పెట్టేటప్పుడు ఒకసారి గాఢంగా వాసన చూస్తాడు. అది తాగడానికి కాదని పరీక్షకు వచ్చేవాళ్ళందరి ముందూ నేను చెబుతాను. రుచి చూడకుండా ఎట్ల చెప్తారు సార్ అని వాడు అంటాడు.

మాబున్ని మొదటి చుట్టు భయంగా, రెండో చుట్టు కోపంగా, మూడో చుట్టు ఇష్టంగా నడిపింది. ఆ తేడా దూరం నుంచే తెలుస్తుంది. మలుపులో మోకాలు బయటికి పెట్టి, బరువంతా లోపలికి వంచి, బయటపడగానే గేరు మార్చే తీరు చూస్తే నాకు ముసలితనం మీద ఇంకాస్త కోపం వచ్చింది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి నేను బండి ఎక్కలేదు. (యంత్రమా, ఆ ఎముక నాదే. పదేళ్ళ నాటిది. ప్రశ్న పంపకు.)

అప్పుడు మొదలైంది. పొడవాటి దారి మధ్యలో వంక మీద మోరీ, అంటే చిన్న వంతెన, ఉంది. అక్కడ రోడ్డు గూనిలా లేస్తుంది. పూర్తి వేగంతో దాని మీద నుంచి పోతే ముందు చక్రం ఒక్క క్షణం తేలికవుతుంది. తేలికైన చక్రం నేల తాకగానే హ్యాండిల్ ఇటూ అటూ కొట్టుకుంది. ఆమె బిగబట్టింది. హ్యాండిల్ ఇంకా కొట్టుకుంది. వేగం తగ్గాకే ఆగింది.

చక్రం సరిగా కుదరలేదని బజారిని తిట్టాను. వాడు టైరు మార్చాడు. మళ్ళీ ఊగింది. ఊపు ఆపడానికి హ్యాండిల్‌కు అడ్డంగా ఉండే డ్యాంపర్ మార్చాడు. ఈసారి ఇంకా ఎక్కువ ఊగింది. చివరికి వాడే ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, "నా చేతిలో ఊగలేదు సార్," అన్నాడు. సారా వాసనకు వాడికి లోకమే నిలకడగా కనిపిస్తుందని చెప్పి పంపించాను.

లాగ్ 5. శుక్రవారం

బజారి చెప్పింది నిజమేనని నాకు తెలుసు. రాత్రంతా పడుకుని అదే ఆలోచించాను. హ్యాండిల్‌ను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలని నా బీరువాలో ఉన్న ప్రతి పాత పుస్తకంలోనూ ఉంది. ఊగినప్పుడు బిగబడితే ఆ ఊపు చేతుల గుండా ఒంట్లోకి పోయి, ఒంట్లోంచి మళ్ళీ చక్రంలోకి వస్తుంది. వదులుగా ఉంటే బండి దానంతటదే సర్దుకుంటుంది. ఇదంతా నేను మూడు భాషల్లో చదివాను, ఒంటితో కూడా నేర్చుకున్నాను.

కానీ ఈ తరానికి వదులుగా పట్టుకో అని ఎలా చెప్పను? వీళ్ళకు వదులు చేయడానికీ వదిలేయడానికీ మధ్యలో ఏమీ లేదు. వేళ్ళు కాస్త సడలితే చాలు, చేతులు భుజాల పైకి పోతాయి. పూర్తి వేగంలో ఆ గూని మీద చేతులెత్తితే నేను రాయాల్సిన మాటలకు ఈ యంత్రం ఒక్క ప్రశ్నతో ఊరుకోదు. అందుకే బిగబట్టమనే చెప్పాను. ఈ రోజు ఊపు ఎంత పెరిగిందంటే ఆమె ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని బండి దిగింది. పరీక్షలో ఆ గూనిని పూర్తి వేగంతోనే దాటాలి. నెమ్మదిగా పోతే తప్పినట్టే.

మధ్యాహ్నం తెల్ల కారొకటి తనంతట తాను వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులోంచి కర్ర పట్టుకుని మద్దిలేటి దిగాడు. ఆదివారం పరీక్షకు పరీక్షకుడు వాడేనట. మనిషి పరీక్షకులు రాష్ట్రం మొత్తం మీద ఇద్దరే మిగిలారు. రెండోవాడు మంచాన పడ్డాడు.

నేను కుర్చీ వేయలేదు. బజారి వేశాడు.

మద్దిలేటి ఆమె రెండు చుట్లు నడపడం చూశాడు. తర్వాత నా పక్కకు వచ్చాడు.

"ఆ యమ్మ బిగబట్టింది సుంకన్నా. వేళ్ళు వదులు చేయమను."

"వదలడం నేర్పింది నువ్వు. మాన్పించేకి నా ప్రాణం పోతాంది."

"నేను రాసిచ్చింది వేళ్ళ వరకే. బండి ఊగితే మనం మద్రాసులో చేసేది అదే గదా. అది చేస్తే యంత్రం అందుకుంటాది అని రాసిచ్చినా. చేతులు పైకెత్తమనింది కమిటీ. వదిలినట్టు కెమెరాకు కనపడల్లంట."

కెమెరాకు కనబడటం కోసం ఒక దేశం దేశమంతా చేతులెత్తడం నేర్చుకుంది. నేను నమ్మను అందామనుకున్నాను. కానీ నేను చూసిన కమిటీలకు సరిగ్గా సరిపోయే తెలివితక్కువతనం అది.

"ఈ మాట ఇన్నేండ్లలో యాడన్నా చెప్తివా?"

"నువ్వు అడిగితివా? తిడ్తివి. పేపర్లో గూడా తిడ్తివి."

బజారి టీ తెచ్చాడు. ఇద్దరం తాగలేదు. పగవాడు వెధవ అయితే బతుకు ఎంతో సుఖంగా ఉంటుంది. ఆ సుఖాన్ని నేను చాలా కాలం అనుభవించాను.

లాగ్ 6. శనివారం

పొద్దున మాబున్నితో చెప్పాను: నిన్నటి దాకా నేను చెప్పింది మర్చిపో, బిగబట్టొద్దు. ఆమె నన్ను అనుమానంగా చూసి, ఈ మాట ఎవరిదని అడిగింది. మద్దిలేటిదని చెప్పాను. బడిలో ఆ పద్యం రాసినాయనేనా అంది. చేతులెత్తుకు పద్యం కూడా ఉంది. అది రాసింది వాడు కాదు. వాణ్ణి వెనకేసుకొచ్చే పరిస్థితి నాకు వస్తుందని అనుకోలేదు.

బండిని స్టాండు మీద నిలబెట్టి, ముందు చక్రాన్ని గాల్లోకి లేపాం. ఆమె పైన కూర్చుంది. బజారి చెక్కతో చక్రాన్ని ఇటూ అటూ కొడుతూ ఉన్నాడు. మోకాళ్ళతో ట్యాంకును అదుముకోవాలి, అరచేతులు హ్యాండిల్ మీదే ఆనించాలి, వేళ్ళు మాత్రం తెరవాలి. అంతకు మించి ఒక్క అంగుళం కూడా కదలకూడదు.

వేళ్ళు తెరవమంటే చేతులు చెవుల దాకా పోయాయి. మళ్ళీ చేశాం. మళ్ళీ పోయాయి. పాపం బజారి చెక్క కొట్టి కొట్టి అలసిపోయాడు. నేను అరిచాను. అరిస్తే ఇంకా త్వరగా లేచాయి. అప్పుడు మద్దిలేటి తన కర్రతో నా కాలి మీద పొడిచి, కాసేపు నోరు మూసుకోమన్నాడు. మూసుకున్నాను.

ఆమె తన చేతుల్ని చూసుకుంది.

"పసిపిల్లోళ్ళకు సూది ఏసేటప్పుడు గింజుకుంటారు సార్," అంది. "మన చెయ్యి బిర్రుగ పెడితే సూది ఇరుగుతాది. తీసేస్తే మందు పోతాది. వాళ్ళు యాడికి పోతే మన చెయ్యి గూడా ఆడికే పోవల్ల. ఇదీ అట్లనేనా?"

అట్లనే అన్నాను. మద్దిలేటి కూడా అదే క్షణంలో అన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూడకుండా వేరే దిక్కులు చూశాం.

బజారి మళ్ళీ చెక్క తీసుకున్నాడు. ఈసారి హ్యాండిల్ కొట్టుకుంటూ ఉంటే ఆమె చేతులు దాంతోపాటే పోయాయి. వేళ్ళు తెరుచుకున్నాయి. అరచేతులు కదల్లేదు. ఎండ దిగే దాకా అదే పని చేశాం. ట్రాక్ మీద ప్రయత్నించడానికి వెలుతురు లేదు. రోడ్డు మీద అది నిలుస్తుందో లేదో రేపు పరీక్షలోనే తెలియాలి.

లాగ్ 7. ఆదివారం

పరీక్ష జరిగింది.

మొదటి చుట్టు మామూలుగా పోయింది. రెండో చుట్టులో పూర్తి వేగం. మోరీ గూని దగ్గర నేనూ బజారీ కంచె పట్టుకుని నిలబడ్డాం, పక్కనే మద్దిలేటి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకు దూరం సరిగా ఆనదు, కానీ ఆ శబ్దం తెలుసు. ఇంజను గొంతు పైకి పోయింది, ముందు చక్రం లేచింది, తాకింది, హ్యాండిల్ కొట్టుకోవడం మొదలైంది. మా ముందు నుంచి పోతుంటే ఆమె వేళ్ళు తెరుచుకోవడం చూశాను. అరచేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి. బండి మూడు నాలుగు సార్లు తల విదిలించి, అలిగిన పిల్ల మాట విన్నట్టు సర్దుకుంది. ఆమె వేగం తగ్గించలేదు. మలుపులోకి ఎంత అందంగా వంగిందంటే, దాన్ని వర్ణించడం నాకు చేతకాదు. బండెక్కకుండా వేగం మీద కవితలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు రాసుకుంటారు.

ఆమె వచ్చి ఆగేసరికి స్తంభం మీద బోర్డు ఎర్రగా వెలిగింది. "చేతులు వదిలారు. తప్పారు."

గూని దగ్గర పరీక్ష కోసం పెట్టిన కెమెరా వేళ్ళు చూసింది. తెరిచి ఉన్నాయి కాబట్టి వదిలినట్టే అని లెక్క వేసింది. చేతులు వదిలితే ఆ క్షణమే తప్పినట్టు. నిబంధన అదే.

మాబున్ని హెల్మెట్ తీసి బోర్డు చదివింది. బజారి నేల మీద కూర్చుండిపోయాడు. నేను మద్దిలేటి వైపు చూశాను. మనిషి పరీక్షకుడికి యంత్రం మాట కొట్టేసే హక్కు ఉంది. ఉందని అందరికీ తెలుసు, వాడినవాడు నాకు తెలిసి ఎవడూ లేడు. ఎందుకంటే కొట్టేస్తే, ఆ మనిషికి తర్వాత రోడ్డు మీద ఏం జరిగినా బాధ్యత పరీక్షకుడిదే. ఈ వయసులో ఆ రాత పైన వేసుకుని పోవడం ఎవడికి కావాలి?

మద్దిలేటి పరీక్ష ఫలితం నమోదు చేసే పలక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కాగితం మీద వాడు ఎప్పుడూ ధైర్యవంతుడే. కాగితానికి బయట ఎలా ఉంటాడో నేను మద్రాసు తర్వాత చూడలేదు. తర్వాత ఆమెను పిలిచాడు.

"ఆ అడవి దావలో మళ్ళా ఇట్లనే ఊగితే ఏం చేస్తావమ్మా?"

"మళ్ళా వేళ్ళు తెరుస్తా," అంది ఆమె. "మీరు పాస్ చేసినా అంతే, చేయకున్నా అంతే. బిగబట్టి పడిపోతే మందెవురు తీస్కపోతారు సార్?"

మద్దిలేటి పలక మీద బొటనవేలు పెట్టాడు. కారణం రాయమని పలక అడిగింది. వాడు రాయడం నేను వాడి భుజం మీదుగా చూశాను. "ఈమె చేతులు ఎత్తలేదు. నేను నా కళ్ళతో చూశాను." అంతే. ఇంత చిన్న వాక్యాలు రాయడం వాడికి వచ్చని నాకు తెలీదు. వచ్చి ఉంటే ఆ చట్టం కూడా చిన్నగా, మంచిగా ఉండేది.

బోర్డు కాసేపు ఆలోచించుకుని ఆకుపచ్చగా మారింది. బజారి సారా డబ్బా పైకెత్తబోయాడు, నన్ను చూసి దించాడు. ఆ తర్వాత మద్దిలేటే వాణ్ణి పిలిచి, ఆ మొన్నటి టీ మళ్ళీ పెడతావా అని అడిగాడు. ఈసారి ముగ్గురం తాగాం. నలుగురం. మాబున్ని రెండు గ్లాసులు తాగింది.

లాగ్ 19. మొదటి వాన తర్వాత

మధ్యాహ్నం అడవి లోపలి గూడెం నుంచి ఫోన్ వచ్చింది. అడవిలో సిగ్నళ్ళు లేవు కాబట్టి గేటు దగ్గర, లోపల రెండు గూడేల్లో తీగ ఫోన్లు పెట్టారు. మాబున్ని గొంతు. వెనక వాన శబ్దం.

పొద్దున ఒక ఆడపిల్లకు కట్లపాము కరిచిందట. చిన్న బైకు మీద మందు తీసుకుని పోయిందట. దారిలో మూడు చోట్ల బండి జారిందట, ఒకచోట ఆమె కూడా జారిందట. ఇవన్నీ ఆమె ఏకరువు పెడుతూ ఉంటే నాకు కావాల్సిన మాట ఒక్కటే రావడం లేదు.

"సూది ఏసినా సార్," అంది చివరికి. "ఇప్పుడే నీళ్ళడిగింది. వాళ్ళమ్మ పట్టిస్తాంది."

నేను సరే అన్నాను. ఇంకేదో గొప్ప మాట అనాలనుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆమె మాత్రం ఊరుకోలేదు. వచ్చే వారం తమ ఆసుపత్రి నుంచి ఇంకో ముగ్గురు నర్సులు వస్తున్నారని, వాళ్ళకు నేర్పేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోమని చెప్పింది.

"ఆ నున్నటి రోడ్డు మీద ఎంత నేర్పితే ఏం లాభం సార్? ఈడ తారు యాడుంది? బురదలో నేర్పండి."

కోచ్‌గా ఇన్నేళ్ళలో ఒక శిష్యురాలు నా ట్రాక్‌ను తప్పుపట్టడం ఇదే మొదలు. ఫోన్ పెట్టేసి ఆ మాటే బజారితో చెప్పాను. వాడు గడ్డపార తెచ్చాడు.

మద్దిలేటి ఇక్కడే ఉంటున్నాడు. పరీక్ష తర్వాత శాఖ వాణ్ణి విశ్రాంతి తీసుకోమంది. విశ్రాంతి కోసం వచ్చి నా షెడ్డులో మంచం వేసుకున్నాడు. నా పాత వ్యాసాలు తెచ్చి, అందులో వ్యాకరణం తప్పులు చూపిస్తున్నాడు. ఈ సాయంత్రం అయిదో మలుపులో తారు పెళ్ళగించి, ఎర్రమన్ను పోసి, నీళ్ళు పెడుతున్నాం. నేను మన్ను సర్దుతున్నాను. మద్దిలేటి పైపు పట్టుకున్నాడు. నీళ్ళు పడాల్సిన చోట తప్ప అన్ని చోట్లా పడుతున్నాయి.